తెలుపు మీద తెలుపు

నేను కంప్యూటర్ ముందు కూర్చుని పని చేస్తుంటే చూసేవాళ్లకు వింతగా ఉంటుంది. నా ముఖం తెర వైపు ఉండదు. కిటికీ వైపో గోడ వైపో తిరిగి ఉంటాను. ఒక్కోసారి తెర ఆర్పేసి పని చేస్తాను. చూపు లేనివాడికి తెరతో ఏం పని? ఒక చెవిలో ఇయర్‌ఫోన్, రెండు చేతులూ మీటల మీద, అంతే. స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ తెర మీద ఉన్నదంతా నా చెవిలో చదివి వినిపిస్తుంది. కింది బాణం నొక్కితే ఒక వరుస చదువుతుంది, పక్క బాణం నొక్కితే ఒక్క అక్షరం పలుకుతుంది. తప్పు తగిలిన చోట ఆగి, చెరిపి, మళ్లీ కొట్టి, మళ్లీ వింటాను. ఆ గొంతు మనిషి గొంతు కాదు. దాని తెలుగుకు ఊరు లేదు, యాస లేదు, మధ్యలో ఊపిరి తీసుకోవడమన్నదే లేదు. కొత్తలో ఇయర్‌ఫోన్ పీకి అవతల పడేసేవాణ్ణి. ఇప్పుడు అది ఎంత వేగంగా చదివినా నాకు అందుతుంది. పక్కన ఉన్నవాళ్లకు మాత్రం బాణలిలో శనక్కాయలు వేయించిన చప్పుడులా ఉంటుందట.

కోడుమూరు అవతల ఒక పల్లె హైస్కూల్లో సోషల్ చెప్తాను. కర్నూలు నుంచి రోజూ బస్సులో పోయి వస్తాను. నలభై దాటాక చూపు పక్కల నుంచి మూసుకుంటూ వచ్చి, చివరికి వెలుతురు ఉందో లేదో తెలిసేంత మటుకే మిగిలింది. పాఠం చెప్పడానికి ఇబ్బంది పడలేదు. గండికోట లోయ గురించి చెప్పాలంటే కళ్లెందుకు, చూసిన జ్ఞాపకం చాలు. నన్ను ఏడిపించింది కాగితం పని. ప్రతి దానికీ ఒకరిని బతిమాలుకోవాల్సి వచ్చేది. అందుకే పంతం పట్టి స్క్రీన్ రీడర్ నేర్చుకున్నాను. నేర్చుకున్నవాణ్ణి ఊరుకున్నానా? బడిలో ఏ నోటీసు రాయాలన్నా, ఏ రిపోర్టు దిద్దాలన్నా నాకివ్వండి, నాకివ్వండి అని మీద పడేవాణ్ణి. కళ్లున్నవాళ్లకంటే నా కాపీ శుభ్రంగా ఉంటుందని నలుగురిలో చెప్పుకునేవాణ్ణి కూడా.

ఒకసారి తల్లిదండ్రుల మీటింగుకు నేను తయారుచేసిన నోటీసులో సగం అక్షరాలు పెద్దవిగా, సగం చీమల్లా వచ్చాయట. మాటలన్నీ సరిగ్గా ఉన్నాయి కాబట్టి నా చెవికి ఏ తేడా తెలియలేదు. స్టాఫ్ రూంలో ఎవరో నవ్వు ఆపుకోవడం వినిపించింది. మా తెలుగు మేడం, కడప ఆమె, నా దగ్గరికొచ్చి మెల్లగా, "సార్, ఇంగోసారి ప్రింటు తీసే ముందర నాకు చూపీండి, నేను చూస్తా" అంది. ఆమె మంచికే అంది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి నా పని ఎవరికీ చూపించలేదు.

మాలాంటి వాళ్లకు పనిలో ఒక పద్ధతి ఉంటుంది. కొత్త ఫైలు తెరవడం నాకు భయం. అంచులెంత వదలాలి, అక్షరం సైజెంత, పేజీ ఎలా కనిపిస్తుంది, ఇవన్నీ కంటితో చూసి సరిచేసుకోవాల్సిన సంగతులు. అందుకని కళ్లున్నవాళ్లు చేసిన పాత ఫైలు, నలుగురూ బాగుందన్నది, ఒకటి దాచుకుంటాను. దాన్ని తెరిచి, ఉన్నదంతా ఒక్క దెబ్బకు ఎంచి, చెరిపేసి, ఆ ఖాళీలో నాది రాసి, వేరే పేరుతో దాచుకుంటాను. వండింది పారబోసి, ఆ గిన్నెలోనే మళ్లీ వండుకున్నట్టు. చాలాసార్లు ఇది నన్ను కాపాడింది.

ఇక మా బడి అటెండర్ సంగతి చెప్పాలి. ఊరంతా ఆయన్ను భాయ్ అనే పిలుస్తుంది, నేనూ అంతే. పొద్దున నేను బస్సు దిగగానే "ఈడుండా సార్" అని గొంతు వినిపించేది. నా మణికట్టు పట్టుకునేవాడు. అక్కడి నుంచి బడి దాకా ఆయన నోరు ఆగేది కాదు. "కంకర పోసినారు సార్, మెల్లిగా." "ఎనుములొస్తాండాయి, ఆగండి." "ఈడ మెట్టుండాది." చూపు తగ్గడం మొదలైన ఏడాది నుంచి ఎండలోనూ వానలోనూ అదే వరస. ఆయనకిది డ్యూటీ కాదు, ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

బడి గేటు దగ్గరికి రాగానే నేను చెయ్యి విడిపించుకునేవాణ్ణి. పిల్లలు చూస్తారని సిగ్గు. ఆయన ఒక అడుగు వెనక్కి తగ్గి, నేను నా అంతట నేనే నడిచి వస్తున్నట్టు వెంట వచ్చేవాడు. కొన్నాళ్లకు ఇద్దరికీ అలవాటైపోయింది. మడిచిపెట్టే తెల్లకర్ర ఒకటి నా సంచిలో ఉండేది. దాన్ని బయటికి తీసింది లేదు.

ఆయన రిటైరయ్యే ముందు ఒక పొద్దున, నడుస్తూ నడుస్తూ అడిగాడు. "సార్, మీ అసుమంటోళ్లు రిటైరైతే సన్మాన పత్రం రాసి మైకులో చదువుతారు గదా. అటెండర్‌కు చదవగూడదా?"

"చదవకూడదని ఎవరన్నారు భాయ్?"

"అనలేదులే సార్. మా వియ్యంకుడు వస్తాండాడు ఆ పొద్దు, ఎర్రగుంట్ల నుంచి. సిమెంటు ఫ్యాక్టరీకి లారీలు తిప్పుతాడు. నా బిడ్డనిచ్చినప్పట్నుంచి, గంట కొట్టేటోనింటి పిల్ల, గంట కొట్టేటోనింటి పిల్ల అని నలుగురిలో అంటానే ఉంటాడు. బిడ్డ ముందర్నే అంటాడు సార్. ఒక్కసారన్నా ఆయప్ప కూచ్చొని వినాల, నేను ఈడ ఏం జేసినానో."

ఆయన గొంతులో అంత ఆశ నేనెప్పుడూ వినలేదు. "నేను రాస్తా భాయ్. నేనే రాసి, నేనే దిద్ది, నేనే ప్రింటు తీసి ఇస్తా" అన్నాను. "మీరు రాస్తే ఇంగేం సార్" అని నా మణికట్టు కొంచెం గట్టిగా పట్టుకున్నాడు.

సన్మాన పత్రానికి మన దగ్గర ఒక తీరు ఉంది కదా. "సేవాపరాయణా!" అని ఒక సంబోధన, దాని కింద ఒక పేరా. "వినయశీలీ!" అని ఇంకో సంబోధన, దాని కింద ఇంకో పేరా. నేను తెలుగు పంతుల్ని కాకపోవడం వల్ల మరీ రెచ్చిపోయాను. "కర్తవ్యనిష్ఠాగరిష్ఠా!" అని కొట్టి, స్క్రీన్ రీడర్ దాన్ని తడబడకుండా పలికితే మురిసిపోయాను. సాయంత్రాలు దాని మీదే కూర్చున్నాను. ఒక మాట తీయడం, ఇంకో బరువైన మాట పెట్టడం, మొదటి నుంచీ వినడం.

ఒకచోట "చూపు లేని ఉపాధ్యాయుడికి చేయూతయై" అని కొట్టాను. చెవిలో వినిపించింది. వెంటనే బ్యాక్‌స్పేస్ మీద వేలు పెట్టాను. చెరుపుతుంటే అది చెరిగే ప్రతి అక్షరాన్నీ పైకి పలుకుతుంది. ఆ మాటలన్నీ చివరి నుంచి మొదటికి నా చెవిలో ఒక్కొక్కటే వినిపిస్తూ పోయాయి. సన్మానం ఆయనది, మధ్యలో నా గొడవెందుకని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజం అది కాదు. నేను చెయ్యి పట్టుకుని నడుస్తానని మైకులో వినడం నాకు ఇష్టం లేదు.

పత్రం ఘనంగా కనిపించాలని మామూలు ఫైలు పక్కనపెట్టి, బడి వార్షికోత్సవం ఆహ్వానం ఫైలు తీసుకున్నాను. అది కర్నూల్లో డిటిపి సెంటరులో చేయించింది. చుట్టూ పూల అంచు, పైన నీలం పట్టీ మీద పెద్ద అక్షరాల్లో బడి పేరు, చాలా బాగుందని అందరూ మెచ్చుకున్నారు. అందులో ఉన్నదంతా చెరిపేసి నా పత్రం రాశాను. మొదటి నుంచి చివరి దాకా ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఒక్క అచ్చుతప్పు లేదు. ఒక్క ఒత్తు జారలేదు. క్లర్కు టీకి పోయిన సమయం చూసి ఆఫీసు ప్రింటర్‌లో దళసరి కాగితం పెట్టి నేనే ప్రింటు తీశాను. కాగితం వెచ్చగా చేతికొచ్చింది. చుట్టి, ఎర్ర రిబ్బను కట్టి, బీరువాలో పెట్టుకున్నాను. ఎర్ర రిబ్బనని కొట్టువాడు చెప్పాడు, నమ్మాను.

చదవాల్సింది తెలుగు మేడం. ముందురోజు అడిగింది. "సార్, ఆ పత్రం ఒకసారి ఇస్తే చూసుకుంటా."

"దిద్దడానికా మేడం?"

"దిద్దేదానికి కాదు సార్, నోరు తిరగాల గదా."

"మీకు నోరు తిరగని మాటలేవీ నేను రాయలేదు" అన్నాను. కర్తవ్యనిష్ఠాగరిష్ఠా అని రాసినవాణ్ణి! ఆమె పట్టుబట్టలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని బడిలో అందరికీ తెలుసు.

ఆ రోజు బడి ఆవరణలో షామియానా వేశారు. భాయ్ ఇంటి నుంచి బిర్యానీ డేగిషాలు వచ్చాయి, ఆ వాసనకు పిల్లలు కుదురుగా కూర్చోవడం లేదు. వియ్యంకుడు ముందు వరసలో ఉన్నాడని వేరే చెప్పక్కర్లేదు, ఆయన గొంతు మైకు లేకుండానే అందరికీ అందుతోంది. "ఈ బడేనా బావా నువ్వు గంట కొట్టేది? గంట యాడుండాది, చూపీ." కొందరు నవ్వారు. భాయ్ కూతురు గొంతు మాత్రం వినిపించలేదు.

పెద్దలు మాట్లాడారు, శాలువా కప్పారు. పత్రం నేనే స్వయంగా మేడం చేతిలో పెట్టాను. రిబ్బను విప్పిన చప్పుడు విన్నాను. కాగితం విప్పిన చప్పుడు విన్నాను. తర్వాత ఏ చప్పుడూ లేదు. మైకు గుయ్యిమంటోంది. అందం చూసి ఆగిపోయి ఉంటుందనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తుంది, ఆ క్షణంలో నేను నవ్వుకున్నాను కూడా.

ఆమె గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. "మన బడిలో గంట ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. ఎందుకు కాలేదో మనమెవరమూ ఎప్పుడూ ఆలోచించలేదు."

నేను ఉలిక్కిపడ్డాను. అది నా వాక్యం కాదు.

"వాగు వచ్చిన రోజున పిల్లల్ని ఒక్కొక్కరినీ భుజాన ఎత్తుకుని దాటించింది ఈ భాయే. మధ్యాహ్నం అన్నం పిల్లలకు పెట్టే ముందు తాను ఒక ముద్ద తిని చూసేదీ ఈయనే. క్లాసులో జ్వరమొచ్చి పడుకున్న పిల్లను వాళ్ల చేనుకాడికి మోసుకుపోయి అమ్మకు అప్పజెప్పిందీ ఈయనే." ఆమె ఆగి ఆగి చెప్తోంది. నా సేవాపరాయణ లేడు, వినయశీలి లేడు. నా ముఖం వేడెక్కిపోతోంది. ఇన్నాళ్లూ మనసులో పెట్టుకుని ఈరోజు నా రాతంతా మార్చేసిందన్నమాట, అనుకున్నాను. అప్పుడు ఆ మాట అంది.

"చూపు లేని మా సోషల్ సార్‌ను రోజూ బస్సు దగ్గరి నుంచి బడి దాకా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది ఈయనే. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని గేటు దగ్గర చెయ్యి వదిలేసేదీ ఈయనే."

చప్పట్లు మోగాయి. పిల్లలు ఈలలు వేశారు. నేను వేదిక మీద, అందరి కళ్ల ముందు, ఎక్కడ దాక్కోవాలో తెలియక కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను. ముందు వరసలో వియ్యంకుడు మొదటిసారి గొంతు తగ్గించి, "ఇవన్నీ మాకెన్నడూ చెప్పలేదే ఈ బావ" అనడం నాకు వినిపించింది. ఆ మాట వినిపించి కూడా నాకు సంతోషం కలగలేదు. భాయ్ కోరుకున్నది ఆయన చేతికి అందేసింది. నేను ఊరికే ఉండి ఉంటే చాలు, అందింది అందినట్టే ఉండేది.

నాకు ఊరుకోవడం చేతకాదు. భోజనాలు మొదలయ్యాక గోడ తడుముకుంటూ మేడం గొంతు వినిపించిన వైపు పోయాను. భాయ్, ఆయన కూతురు, అల్లుడు, వియ్యంకుడు అందరూ అక్కడే తింటున్నారు.

"మేడం, నేను రాసింది చదవమంటే మీ సొంత కవిత్వం ఎందుకు చదివారు?" అన్నాను. గొంతు తగ్గించాలన్న స్పృహ కూడా లేదు.

"సార్, గమ్మునుండండి సార్. తర్వాత మాట్లాడుకుందాం" అంది. ఆమె గొంతులో భయం నాకు తప్పు చేసిన భయంలా వినిపించింది.

"ఎందుకు గమ్మునుండాలి? నా రాతలో ఒక్క తప్పు చూపించండి. గుడ్డివాడు రాశాడని అలుసా?"

భాయ్ లేచి వచ్చాడు. "వద్దులే సార్. కూడు చల్లారిపోతాంది, తిందురు రాండి. పత్రం నా కాడ భద్రంగా ఉండాది, ఇంటికి పోయి చదివించుకుంటా." నా చెయ్యి పట్టుకోబోయాడు. నేను విదిలించాను.

"ఇంటికెందుకు భాయ్? మీ వియ్యంకుడు ఇక్కడే ఉన్నాడు కదా, అసలైన పత్రం ఇప్పుడే వింటాడు. నీ అల్లుడి చేతికివ్వు."

"వద్దు సార్." ఈసారి ఆయన గొంతు బతిమాలుతున్నట్టు ఉంది. "నా మాట వినండి."

నేను వినలేదు. ఆయన చంకలో కాగితం నాకు తగిలింది. లాక్కుని, అల్లుడి గొంతు వినిపించిన వైపు చాచాను. "గట్టిగా చదువు బాబూ" అన్నాను. కాగితం విప్పిన చప్పుడు. ఆ అబ్బాయి దాన్ని వెనక్కి తిప్పిన చప్పుడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"సార్, చుట్టూ పూలుండాయి సార్. నడాన ఏమీ లేదు."

"ఏమీ లేదంటే?"

"అచ్చరాల్లేవు సార్. తెల్లగా ఉండాది."

వియ్యంకుడు ఆ కాగితం తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. పెద్దగా నవ్వాడు. "ఏం బావా! ఇన్నేండ్లు గంట కొట్టినందుకు నీకు ఉత్త కాగితం ఇచ్చినారే! మరి ఆయమ్మ మైకులో చదివిందంతా యాడిది? ఉత్తదేనా?"

"ఉత్తది కాదు పెద్దాయనా, నా కండ్లతో చూసిందే చెప్పినా" అని మేడం అంటూనే ఉంది. ఆ నవ్వుల్లో ఎవరూ వినిపించుకోలేదు. కూతురు లేచి చెయ్యి కడుక్కోవడానికి పోయిందని గాజుల చప్పుడును బట్టి తెలిసింది. గుడ్డెద్దు చేలో పడినట్టు అనే సామెత చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఆ రోజు ఆ ఎద్దు నేనే.

మేడం వేదిక మీద కాగితం విప్పగానే చూసింది. నా పరువు, భాయ్ ముచ్చట రెండూ నిలబెట్టాలని నోటికొచ్చినట్టు కాదు, మనసులో ఉన్నట్టు మాట్లాడింది. పత్రం అందుకుంటూ భాయ్ కూడా చూశాడు. చూసి, కాగితాన్ని మళ్లీ చుట్టి చంకలో పెట్టుకున్నాడు, ఎవరడిగినా ఇవ్వలేదు. ఇద్దరూ ఒక్క మాటైనా అనుకోకుండానే నన్ను దాచారు. నేనే వాళ్ల చేతుల్లోంచి లాగి నలుగురి ముందు పరిచాను.

ఆ సాయంత్రం కూడా భాయే నన్ను బస్సు దాకా తీసుకుపోయాడు. దారిలో కంకర గురించి చెప్పాడు, ఎనుముల గురించి చెప్పాడు. బస్సు ఎక్కించి, సీట్లో కూర్చోబెట్టి, దిగిపోయాడు.

ఇంటికి వచ్చి ఫైలు తెరిచాను. స్క్రీన్ రీడర్ మొదటి మాట నుంచి చివరి మాట దాకా గడగడా చదివేసింది. అన్నీ ఉన్నాయి. మరి కాగితం మీద ఎందుకు లేవు? ఇన్సర్ట్ మీట నొక్కిపట్టి ఎఫ్ నొక్కితే అక్షరం ఏ తీరులో ఉందో, ఎంత సైజో, ఏ రంగో చెప్తుంది. నేర్చుకునేటప్పుడు అది కూడా నేర్పారు. రంగుతో నాకేం పని అని వదిలేశాను. ఇన్నేళ్లకు ఆ మీట నొక్కాను. ఆ ఊపిరి లేని గొంతు సైజు చెప్పి, చివర అంది: తెలుపు మీద తెలుపు.

ఆహ్వానం ఫైల్లో బడి పేరు తెల్ల అక్షరాల్లో ఉంది. వెనక నీలం పట్టీ ఉంది కాబట్టి అందరికీ కనిపించింది. నేను అంతా చెరిపేసినప్పుడు పట్టీ కూడా చెరిగిపోయింది, తెలుపు మాత్రం మిగిలింది. నేను కొట్టిన ప్రతి అక్షరానికీ ఆ తెలుపే అంటుకుంది. చూపున్న మనిషి ఎవరైనా ఒక్కసారి ఆ పేజీ వంక చూస్తే తెలిసిపోయేది. ఎవరికీ చూపించకపోవడమే నేను నేర్చుకున్న గొప్ప విద్య. అసలు ఆ పత్రం నాకు కంఠతా వచ్చు. నా నోటితో నేనే చెప్పి ఉండొచ్చు. అది నాకు చాల్లేదు. నేను తయారుచేసిన కాగితాన్ని కళ్లున్నవాళ్లు పట్టుకుని చదవాలి, ఔరా అనుకోవాలి. అందుకోసం ఒక మంచి మనిషిని ఆయన బిడ్డ ముందు నవ్వులపాలు చేశాను.

మర్నాడు మేడం దగ్గరికి పోయి క్షమించమన్నాను. ఆమె కాసేపు పుస్తకాలు సర్దుకుంది. "నాకు కాదు సార్ మీరు చెప్పాల్సింది" అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అక్షరాలన్నీ నలుపు చేశాను. ప్రింటు తీయలేదు. ధైర్యం చాల్లేదు. బస్సు దిగిన టీచర్ల వెంట బడికి పోయి వస్తున్నా, కొన్నాళ్లు ఆయన ఇంటికి పోవడానికే ముఖం చెల్లలేదు. చివరికి ఒకరోజు బడి మధ్యాహ్నం విరామంలో లాప్‌టాప్ సంచిలో వేసుకుని బయల్దేరాను. పట్టుకునే చెయ్యి లేదు కదా, తెల్లకర్ర బయటికి తీశాను. పల్లె బజారులో దాన్ని టకటకలాడిస్తూ, ఎదురైనవాళ్లనల్లా "భాయ్ ఇల్లు యాడ?" అని అడుగుతూ పోయాను. ఆ దారిలో ఎవరూ నవ్వలేదు. నవ్వినా తగునని సిద్ధపడే పోయాను.

భాయ్ వాకిట్లో మంచం వాల్చి కూర్చోబెట్టాడు, టీ ఇచ్చాడు. "మీరొక్కరే వచ్చినారా సార్?" అని కర్రను ఒకసారి ముట్టుకుని చూశాడు. నేను తప్పైపోయిందన్నాను. ఆయన "పోనీలే సార్, అయిందేదో అయిపాయె" అన్నాడు. అలా అంటాడని తెలిసే భయపడ్డాను. తిట్టి ఉంటే బాగుండేది.

ఇయర్‌ఫోన్ పీకేసి, లాప్‌టాప్ గొంతు పైకి పెట్టాను. నలుగురికీ వినపడేలా దాన్ని నేనెప్పుడూ మాట్లాడించలేదు. నిదానం చేసి చదివించాను. సేవాపరాయణా, వినయశీలీ, కర్తవ్యనిష్ఠాగరిష్ఠా. వాకిట్లో ఆ గొంతు ఎంత పొడిగా ఉందో, నా మాటలు ఎంత బోలుగా ఉన్నాయో అప్పుడు తెలిసింది. ఆయన చివరి దాకా కదలకుండా విన్నాడు.

"శానా పెద్ద మాటలుండాయి సార్, బాగుండాది" అన్నాడు. టీ గ్లాసు కింద పెట్టి, "ఆ పొద్దు మేడం చెప్పిండె గదా సార్, బస్సు కాడి నుంచి మీ చెయ్యి పట్టుకొని తెచ్చేది. ఆ మాట మటుకు నాకు శానా నచ్చింది. దీంట్లో యాడుండాది?"

"లేదు భాయ్. రాసి చెరిపేశాను."

ఎందుకని ఆయన అడగలేదు. అడిగితే చెప్పేద్దామని సిద్ధంగా ఉన్నాను. లాప్‌టాప్ ఒళ్లోకి లాక్కుని, చివరి పేరాకు పోయి, సంబోధన ఏదీ పెట్టకుండా మామూలు తెలుగులో కొట్టాను: చూపు లేని నన్ను రోజూ చెయ్యి పట్టుకుని బడికి తెచ్చాడు. తెర ఆయన వైపు తిప్పాను.

"కనపడుతోందా భాయ్?" చూపు పోయినాక ఆ మాట నేను ఒక మనిషిని అడగడం అదే మొదలు.

"కనపడతాండాది సార్. నల్లగానే ఉండాది." వంగి, కూడబలుక్కుంటూ ఆ వరుస పైకి చదువుకున్నాడు. మళ్లీ చదువుకున్నాడు. "ఈ మాట ఆ పొద్దు కాగితంలో ఉండింటే మా వియ్యంకుడు నోరు మూసుకునేటోడు సార్" అన్నాడు.

"ఆ పొద్దు నేను మూసుకున్నా సరిపోయేది భాయ్."

ఆయన కాదనలేదు.

విరామం అయిపోవస్తోందని నన్ను దిగబెట్టడానికి లేచాడు. కర్ర మడిచి నా సంచిలో పెట్టి, పాత పద్ధతిలోనే మణికట్టు పట్టుకున్నాడు. మెట్లు చెప్పాడు, కంకర చెప్పాడు. ఈసారి చెయ్యి వదలకూడదని, పిల్లలందరూ చూసేలా లోపలి దాకా పట్టుకునే పోవాలని నేను మనసులో గట్టిగా అనుకుంటూ నడిచాను. బడి పిల్లల గోల దగ్గరైంది. గేటు రాగానే ఆయనే నా చెయ్యి వదిలేసి, అలవాటు ప్రకారం ఒక అడుగు వెనక్కి తగ్గాడు.